పాత ఇనుము గురించి నాకు తెలిసినది

 

ఈ నెల గోడ పత్రికకు నలుగురికీ ఉపయోగపడే విషయం ఏదైనా రాయమని తెలుగు టీచరు గారు చెప్పారు. కొందరు వేపచెట్టు గురించి, కొందరు నీటి పొదుపు గురించి రాశారు. నేను పాత ఇనుము గురించి రాస్తున్నాను. నవ్వకండి.

ఆరో తరగతిలో నన్ను కొందరు "తుక్కు" అని పిలిచేవారు. మా మావ గాజువాకలో పాత ఇనుము కొట్లో పని చేస్తాడని తెలిసి అలా పిలిచారు. అప్పట్నుంచి నేను ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. వేసవి సెలవుల్లో ఎక్కడికెళ్లావని అడిగితే చుట్టాలింటికి అనేదాన్ని. నిజానికి మూడు వేసవులు ఆ కొట్లోనే ఉన్నాను. మావకి చదువు రాదు, అందుకని తూకం లెక్కలు నేను రాసిపెట్టేదాన్ని. ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక అమ్మ వల్ల.

పోయిన సంవత్సరం వానాకాలంలో నేను ఇంటి నుంచి హాస్టలుకి వస్తున్నాను. మా అయ్య నన్ను ఆటో ఎక్కించి వెనక్కి వెళ్లిపోయాడు. జంక్షన్ దగ్గర దిగి చూస్తే బస్సు లేదు. ఘాట్ రోడ్డు మీద కొండరాళ్లు జారిపడ్డాయంట. చీకటి పడింది. నాకు చలిజ్వరం వచ్చింది. మూసేసిన టీ పాక కింద కూర్చుని ఏడుస్తున్నాను. కట్టెల మోపుతో పోతున్న ఒకామె ఆగి, "ఏటమ్మా, ఒక్కదానివీ ఇక్కడ కూకున్నావేటి?" అని అడిగింది. నన్ను తన ఇంటికి తీసుకెళ్లి చోడి అంబలి కాచి ఇచ్చింది. ఆ ఇంట్లో దుప్పటి ఒక్కటే ఉంది. అది నాకు కప్పి, తను గోనెసంచి కప్పుకుంది. తెల్లారాక నాతో పాటు నడిచొచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్ తాతకి అప్పగించి వెళ్లిపోయింది. నేను ఆమె పేరు కూడా అడగలేదు.

మళ్లీ ఆమెను ఈ దసరా సెలవుల తర్వాత సంతలో చూశాను. మేం అయిదుగురం ఆయమ్మతో కూరగాయలు తేవడానికి వెళ్లాం. పాత సామాన్లు కొనే వ్యాను పక్కన ఆమె రెండు బిందెలు పెట్టుకుని నిలబడింది. కొడుకు ఇంటర్ పరీక్ష ఫీజు కట్టాలని వ్యాను అతనికి చెప్తోంది. అతను బిందెని వేలితో కొట్టి, "ఇది ఇత్తడి కాదు, ఇనప రేకుకి పూత. కిలో 40 రూపాయలు" అన్నాడు. కాటా మీద రెండూ కలిపి 5 కిలోల 780 గ్రాములు చూపించింది. "231 రూపాయలు" అన్నాడు. ఆమె సరే అనబోతోంది.

నేను వెంటనే మాట్లాడలేదు. పక్కన నా క్లాసు వాళ్లు నలుగురు ఉన్నారు. నోరు తెరిస్తే మళ్లీ తుక్కు అంటారు. ఆ గోనెసంచి గుర్తొచ్చింది. అప్పుడు ముందుకు వెళ్లాను. అక్కడ నేను చేసినవి ఒక్కొక్కటీ కింద రాస్తున్నాను. ఇవి మీకూ పనికొస్తాయి.

1. అయస్కాంతం. పగిలిన స్పీకరులో నల్లని గుండ్రటి అయస్కాంతం ఉంటుంది. మావ అందులోంచి ఒక ముక్క నాకు ఇచ్చాడు. దాన్ని నా ట్రంకుపెట్టె తాళం చెవికి అంటించుకుని తిరుగుతాను. అయస్కాంతం ఇనుముని పట్టుకుంటుంది. రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియం, సీసం వీటిని పట్టుకోదు. పచ్చగా మెరిసే బిందెకి అయస్కాంతం అంటుకుంటే అది పూత వేసిన ఇనుము. ఆ అమ్మ బిందెలకి పెట్టాను, జారి కింద పడింది. అనగా అది ఇనప రేకు కాదు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మన హాస్టల్లో కొన్ని స్టీలు కంచాలకి కూడా అయస్కాంతం అంటుకోదు. ఇనుములో క్రోమియం, నికెల్ కలిపినప్పుడు లోపల అమరిక మారిపోవడం వల్ల అలా అవుతుంది. కాబట్టి అయస్కాంతం ఒక్కటే చాలదు.

2. గీత. ఆకురాయితో గాని, మేకుతో గాని అడుగున కనబడని చోట గీయాలి. పైన రంగు, మకిలి, పూత ఏదున్నా గీత లోపల అసలు రంగు కనిపిస్తుంది. ఎర్రగా ఉంటే రాగి. పచ్చగా ఉంటే ఇత్తడి. తెల్లగా ఉండి తేలికగా ఉంటే అల్యూమినియం, మనం సిల్వరు గిన్నె అనేది అదే. అందులో వెండి ఏమీ లేదు. బూడిదరంగులో ఉండి గోటితో గీసినా గీత పడితే సీసం, దాన్ని ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపినది. కంచు అంటే రాగి, తగరం కలిపినది. బిందె అడుగున గీస్తే లోపలి దాకా పచ్చగానే ఉంది.

3. బరువు. ఒకే సైజు ముక్కలు చేత్తో ఎత్తి చూడాలి. అల్యూమినియం ముక్క ఇనుము ముక్క బరువులో మూడో వంతే ఉంటుంది. రాగి ఇనుము కంటే బరువు. సీసం ఇంకా బరువు. దీన్నే మన సైన్సు పుస్తకంలో సాంద్రత అన్నారు. నీటి సాంద్రత 1 అనుకుంటే అల్యూమినియం 2.7, ఇనుము 7.9, రాగి 8.9, సీసం 11.3. ఈ పాఠం సారు చెప్పినప్పుడు నాకు కొట్టే కనబడింది. మావకి ఆ అంకెలు తెలియవు గాని, చెయ్యి పెడితే చెప్పేస్తాడు.

4. కాటా. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. తూచే ముందు కాటా సున్నా చూపిస్తోందా చూడాలి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా చూడాలి. అనుమానం వస్తే సీలు తియ్యని కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టి చూడాలి. ఆయమ్మ సంచిలో ఉప్పు ప్యాకెట్టు ఉంది. అడిగి తీసుకుని పెట్టాను. 850 గ్రాములు చూపించింది. అంటే కిలోకి 150 గ్రాములు పోతున్నాయి. అతను "దార్లో మిషను కింద పడింది" అన్నాడు. "ఏటి పాపా, నీకు ఇదంతా ఎవరు నేర్పారు?" అని గట్టిగా అడిగాడు. నా కాళ్లు వణికాయి. అయినా "మా మావ పాత ఇనుము కొట్లో పని చేస్తాడు" అని చెప్పాను. అందరికీ వినబడింది.

5. వేరు చేయడం. ఇనుము, రాగి, ఇత్తడి కలిపి ఒకే కుప్పగా ఇస్తే కొనేవాడు అన్నీ ఇనుము కిందే లెక్క కడతాడు. కాబట్టి ఇంట్లోనే వేరు చేసి, వేరువేరుగా తూకం వేయించాలి. నేను ఉన్న వేసవిలో మావ కొట్లో ఇనుము కిలో 28 రూపాయలు, ఇత్తడి 350. ధర రోజూ మారుతుంది, అందుకని ఇద్దరు ముగ్గుర్ని అడగాలి.

ఆ తర్వాత ఆయమ్మ, నేను ఆమెను పాత్రల కొట్టుకి తీసుకెళ్లాం. పాత్రల కొట్టువాళ్లు కూడా పాత ఇత్తడి కొంటారు. అక్కడ ఒక్కో బిందె 3 కిలోల 400 గ్రాములు తూగింది. కిలో 340 చొప్పున ఒక్క బిందెకే 1,156 రూపాయలు వచ్చింది. ఫీజుకి అది చాలు. రెండో బిందె ఆమె తిరిగి నెత్తిన పెట్టుకుంది. అది వాళ్లమ్మ ఇచ్చిందంట.

అప్పటిదాకా ఆమె నన్ను పోల్చుకోలేదు. వెళ్లబోతూ నా మొహం చూసి, "నువ్వు ఆ జొరం పిల్లవి కాదేటి!" అంది. నాకు మాట రాలేదు. "ఆ రాయితో చూసేది నాకూ నేర్పు, మా ఊర్లో ఆడోళ్లందరం ఇలాగే మోసపోతన్నాం" అని అడిగింది. మూడుసార్లు చేసి చూపించాను. నాలుగోసారి ఆమే చేసింది. అయస్కాంతం ఆమెకే ఇచ్చేశాను. ఈసారి పేరు అడిగాను. ఆమెను అడక్కుండా గోడ మీద రాయకూడదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

ఇక ముట్టుకోకూడనివి చెప్పాలి. ఇవి మావ నన్ను తిట్టి నేర్పినవి.

కరెంటు వైర్లు కాల్చి రాగి తీయకూడదు. ప్లాస్టిక్ తొడుగు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విషాలు పొగలో వస్తాయి. పైగా కాలిన రాగికి ధర తగ్గుతుంది. తొడుగుని కత్తితో చీరి తీయాలి.

బండి బ్యాటరీ పగలగొట్టకూడదు. అందులో సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. సీసం ఒంట్లోకి వెళ్తే పిల్లల మెదడుకి హాని చేస్తుంది. బ్యాటరీని పగలకుండా అలాగే కొట్లో ఇచ్చేయాలి.

అడవిలో, దారి పక్కన తెలియని ఇనప డబ్బా గాని, వైర్లున్న డబ్బా గాని కనబడితే తాకకూడదు. పెద్దవాళ్లకి చెప్పాలి.

పసుపు రంగు మీద మూడు రెక్కల ఫ్యాను లాంటి గుర్తు ఉంటే దూరంగా వెళ్లిపోవాలి. అది రేడియోధార్మిక పదార్థం గుర్తు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత సామాన్ల బజారులోకి కోబాల్ట్-60 ఉన్న ఒక పాత పరికరం తుక్కుగా వచ్చింది. తెలియక దాన్ని విడగొట్టారు. కొందరికి తీవ్రంగా జబ్బు చేసింది, ఒకాయన చనిపోయాడు. ఈ సంగతి సైన్సు సారు చెప్పారు.

రైలు సామాన్లు, కరెంటు స్తంభాల వైర్లు, బోరింగు పంపు ముక్కలు ఎవరు ఇచ్చినా తీసుకోకూడదు. అది దొంగ సొత్తు. మావ వాటిని కొట్లోకి రానివ్వడు.

పాత లోహం పారేసేది కాదు. కొలిమిలో కరిగిస్తే మళ్లీ కొత్తది అవుతుంది. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడానికి అయ్యే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాతది కరిగించి వాడుకోవచ్చు. మిగిలిన 95 శాతం ఆదా.

చివరగా వార్డెన్ గారికి ఒక మనవి. మన వంటగది వెనక విరిగిన మంచాలు, సొట్టపోయిన సిల్వరు డేగిశాలు, కాలిపోయిన నీళ్ల మోటారు ఒకే కుప్పలో ఉన్నాయి. మోటారు లోపల రాగి చుట్ట ఉంటుంది. అన్నీ కలిపి ఇనుము ధరకి పోకుండా, మీరు అనుమతిస్తే ఒక ఆదివారం మా తొమ్మిదో తరగతి వాళ్లం వేరు చేసి, లెక్క రాసి ఇస్తాము.

నేర్చుకోవాలనుకున్నవాళ్లు రాత్రి స్టడీ అవర్ అయ్యాక నా దగ్గరికి రండి. నా దగ్గర అయస్కాంతం లేదు, సైన్సు సారుని అడిగి తెస్తాను. నన్ను తుక్కు అని పిలిచినా పలుకుతాను. తప్పులుంటే క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని