టైరు మీద రాత

రోడ్డు మీద కారు పోతుంటే అందరూ చూస్తారు. దాని రంగు చూస్తారు. లోపల ఎవరున్నారో చూస్తారు. టైర్ల వైపు మాత్రం ఎవరూ చూడరు. కాని లోపల కూర్చున్న వాళ్ళ ప్రాణాలు ఆ నాలుగు టైర్ల మీదే ఉంటాయి. ఒక్కొక్క టైరు నేలను తాకేది దాదాపు అరచెయ్యంత చోటులోనే.

ఇప్పుడు చాలా ఊళ్ళలో కార్లున్నాయి. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని టాక్సీ కొనుక్కున్న కుటుంబాలూ ఉన్నాయి. భర్తో, కొడుకో బండి నడుపుతాడు. నెలనెలా వాయిదా కట్టే బాధ్యత ఆడవాళ్ళది. కొన్నాళ్ళకు టైర్లు అరిగిపోతాయి. కొత్తవి కొనాలి. నాలుగూ మార్చాలంటే వేల రూపాయలు కావాలి. అంత డబ్బు పెట్టి తప్పు సైజు తెచ్చుకుంటే డబ్బూ పోతుంది. ప్రాణం మీదికీ వస్తుంది.

మరి సరైన సైజు తెలిసేదెట్లా? అది బండి మీదే రాసి ఉంటుంది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఫరవాలేదు. అంకెలు చదవగలిగితే చాలు.

టైరు పక్కన ఏముంది?

టైరు పక్క భాగాన్ని దగ్గరగా చూడండి. దుమ్ము ఉంటే తడిగుడ్డతో తుడవండి. ఉబ్బెత్తుగా అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పేరు. దానికి దగ్గరలో ఇట్లాంటి వరుస ఒకటి ఉంటుంది:

165/80 ఆర్14 85టి

టైరు మీద "ఆర్", "టి" అనేవి ఇంగ్లీషు అక్షరాలుగా ఉంటాయి. మిగిలినవన్నీ అందరికీ తెలిసిన అంకెలే. ఒక్కొక్కటే చూద్దాం.

165 అంటే టైరు వెడల్పు. ఇది మిల్లీమీటర్లలో ఉంటుంది. పది మిల్లీమీటర్లు ఒక సెంటీమీటరు. కాబట్టి ఈ టైరు వెడల్పు పదహారున్నర సెంటీమీటర్లు.

80 అంటే టైరు పక్క ఎత్తు. రిమ్ము అంచు నుంచి నేలను తాకే భాగం దాకా ఉన్న రబ్బరు ఎత్తు అన్నమాట. ఇది 80 మిల్లీమీటర్లు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. వెడల్పును ఒక రూపాయి అనుకుంటే, ఎత్తు 80 పైసలు. అంటే వెడల్పులో నూటికి 80 వంతులు.

ఆర్ అంటే రేడియల్ అనే రకం టైరు. లోపలి దారాల అల్లికను బట్టి ఈ పేరు వచ్చింది. ఇప్పటి కార్లకు ఈ రకమే వాడతారు.

14 అంటే రిమ్ము కొలత. ఇది మాత్రం అంగుళాల్లో ఉంటుంది.

85 బరువును చెప్పే అంకె. టి వేగాన్ని చెప్పే అక్షరం. వీటి సంగతి తరువాత చూద్దాం.

గాజుల లెక్కే

గాజులు కొనేటప్పుడు ఏం చూస్తారు? రంగు తరువాత, సైజు చూస్తారు. రెండుంబావు గాజు, రెండున్నర గాజు అని అడుగుతారు. ఆ కొలత గాజు లోపలి కొలత. అంగుళాల్లో చెప్పేదే. గాజు సన్నంగా ఉన్నా, వెడల్పుగా ఉన్నా లోపలి కొలత కుదిరితేనే చేతికి సరిపోతుంది.

టైరుకూ అంతే. 14 అనేది లోపలి కొలత. 14 అంగుళాల రిమ్ముకు 14 టైరే ఎక్కాలి. 13 పట్టదు. 15 నిలవదు. ఇందులో సర్దుకుపోవడం అనేది లేదు.

అయితే గాజుకూ టైరుకూ ఒక తేడా ఉంది. గాజు లోపల కుదిరితే చాలు. టైరు లోపలా కుదరాలి, బయటా కుదరాలి. బయట కొలత మారితే ఏమవుతుంది? ఒక బేరం చూస్తే అర్థమవుతుంది.

టైర్ల కొట్లో బేరం

ఒక టాక్సీకి 165/80 ఆర్14 టైర్లు ఉండాలి. టాక్సీ యజమానురాలు కొట్టుకు వెళ్ళిందనుకోండి. మాటలు ఇట్లా సాగుతాయి.

"ఆ సైజు ఇప్పుడు లేదమ్మా. 185/65 ఉంది. ఇదీ పద్నాలుగే. మీ రిమ్ముకు ఎక్కుతుంది. ఇంకా వెడల్పు కూడా. రోడ్డును బాగా పట్టుకుంటుంది" అంటాడు కొట్టతను.

"ఎక్కుతుంది సరే అన్నా, ఎత్తు సరిపోతుందా?" అంటుంది ఆమె.

"కొంచెం తేడా ఉంటుందమ్మా. ఏం కాదులే."

"కొంచెమంటే ఎంత? కాగితం ఇవ్వు, లెక్క చూద్దాం."

లెక్క కష్టం కాదు. గుణింపు, కూడిక వస్తే చాలు.

ఉండాల్సిన టైరు, 165/80 ఆర్14:
పక్క ఎత్తు: 165 ని 80 తో గుణించి 100 తో భాగిస్తే 132.
కింద ఒక పక్క, పైన ఒక పక్క. రెండూ కలిపి 264.
రిమ్ము: ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. 14 అంగుళాలు 355.6.
మొత్తం ఎత్తు: 264 + 355.6 = 619.6 మిల్లీమీటర్లు.

కొట్టతను చూపించిన టైరు, 185/65 ఆర్14:
పక్క ఎత్తు: 185 ని 65 తో గుణించి 100 తో భాగిస్తే 120.25.
రెండు పక్కలు 240.5.
రిమ్ము అదే, 355.6.
మొత్తం ఎత్తు: 596.1 మిల్లీమీటర్లు.

రెండింటికీ తేడా 23.5 మిల్లీమీటర్లు. దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. చూడడానికి వెడల్పైన టైరు పెద్దదిగా ఉంది. లెక్క చూస్తే పొట్టిది!

పొట్టి టైరు వేస్తే ఏం నష్టం?

బండి మీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం చెబుతుంది. పొట్టి చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరగాలి. పెద్దవాళ్ళు నాలుగు అడుగుల్లో దాటే చోటును పిల్లలు ఆరు అడుగుల్లో దాటినట్టు. అసలు టైరుతో మీటరు సరిగ్గా చూపిస్తోందనుకుందాం. ఈ పొట్టి టైరు వేస్తే బండి 100 కిలోమీటర్లు నడిచినా మీటరు 104 చూపిస్తుంది. కిరాయి మీటరును బట్టి తీసుకుంటే ప్రయాణికులతో తగాదా తప్పదు.

బండి కూడా ఒక సెంటీమీటరు పైగా కిందికి దిగుతుంది. గతుకుల రోడ్డు మీద, స్పీడు బ్రేకర్ల మీద అడుగుభాగం తగులుతుంది.

పొడుగు టైరు వేస్తే ఇంకా ప్రమాదం. అప్పుడు మీటరు తక్కువ చూపిస్తుంది. డ్రైవరు మెల్లగా పోతున్నాననుకుంటాడు. బండి అంతకన్నా వేగంగా పోతుంటుంది. స్టీరింగు తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి భాగానికి రాసుకోవచ్చు. రాసుకుంటే కోసుకుపోతుంది.

వెడల్పుకూ హద్దు ఉంది. సన్నటి రిమ్ముకు మరీ వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కలు ఉబ్బుతాయి. టైరు సరిగా కూర్చోదు.

కంపెనీలు సైజు మార్చినా ఎత్తు మారకుండా చూస్తాయి. 2017లో వచ్చిన మారుతి డిజైర్ మోడలు చూడండి. అందులో తక్కువ ధర కార్లకు 165/80 ఆర్14 ఇచ్చారు. ఎక్కువ ధర కార్లకు 185/65 ఆర్15 ఇచ్చారు. మొదటిది ఎత్తు 619.6. రెండోది 621.5. రిమ్ము మారింది, వెడల్పు మారింది, ఎత్తు మాత్రం దాదాపు అంతే ఉంది.

సరైన సైజు ఎక్కడ చూడాలి?

పాత టైరు చూసి అదే సైజు కొంటే సరిపోదా? ఒక్కోసారి సరిపోదు. సెకండ్ హ్యాండు బండికి పాత యజమాని తప్పు టైర్లు వేసి ఉండొచ్చు. స్టెపినీ చూసి కూడా కొనకూడదు. కొన్ని కార్లకు స్టెపినీ చిన్న సైజులో ఇస్తారు. అది పంచరు షాపు దాకా పోవడానికే.

డ్రైవరు తలుపు తెరవండి. తలుపు పక్క చట్రం మీద ఒక చిన్న పట్టీ అంటించి ఉంటుంది. కొన్ని బండ్లకు పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. అందులో టైరు సైజు ఉంటుంది. ఎంత గాలి కొట్టాలో కూడా ఉంటుంది. బండితో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. కంపెనీ ఒప్పుకున్న వేరే సైజు ఏదైనా ఉంటే అదీ అక్కడే రాసి ఉంటుంది. ఆ అంకెలను ఒక కాగితం మీద రాసుకుని కొట్టుకు వెళ్ళండి.

బరువు అంకె మరిచిపోవద్దు

సైజు కుదిరినా పని అయిపోలేదు. చివర ఉన్న 85 చూడండి. ఇది 85 కిలోలు కాదు. దీనికి ఒక పట్టిక ఉంది. దాని ప్రకారం 85 అంకె ఉన్న టైరు 515 కిలోల బరువు మోస్తుంది. 82 అయితే 475 కిలోలే. 88 అయితే 560 కిలోలు.

85 ఉండాల్సిన చోట 82 వేస్తే టైరుకు 40 కిలోలు తగ్గింది. నాలుగు టైర్లకు 160 కిలోలు. అంటే ఇద్దరు ముగ్గురు మనుషుల బరువు. పెళ్ళికి పోయే బండిలో ఒకరిమీద ఒకరు కూర్చుంటారు. పైన సామాన్లు కడతారు. ఎండాకాలం రోడ్డు కాలిపోతుంటుంది. గాలి తక్కువగా ఉంటే టైరు ఇంకా వేడెక్కుతుంది. అట్లాంటప్పుడే టైరు పేలిపోతుంది.

అందుకే ఈ అంకె కంపెనీ చెప్పినంత ఉండాలి. ఎక్కువైనా ఫరవాలేదు. తక్కువ మాత్రం ఉండకూడదు. తరువాతి అక్షరానికీ ఇదే పద్ధతి. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా టైరు తట్టుకుంటుందని గుర్తు. ఎస్ అంటే 180. అంత వేగంతో పొమ్మని కాదు. టైరు గట్టితనం అంత అని.

టైరు వయసు

టైరుకూ వయసు ఉంటుంది. వాడకుండా కొట్లో ఉంచినా రబ్బరు గట్టిపడుతుంది. కొనేముందు నాలుగు అంకెల గుర్తు వెతకండి. గుడ్డు ఆకారపు గీత లోపల ఉంటుంది. 1223 అని ఉంటే, 2023వ సంవత్సరం 12వ వారంలో తయారైందని అర్థం. మొదటి రెండు అంకెలు వారం. తరువాతి రెండు సంవత్సరం. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న టైరును కొత్తదని అమ్మితే ఈ అంకెలే పట్టిస్తాయి.

ఎప్పుడు మార్చాలో కూడా టైరే చెబుతుంది. గాళ్ళ మధ్య అడుగున చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అరిగి అరిగి టైరు ఆ దిమ్మెలతో సమానమైతే ఇక మార్చాల్సిందే. ఆ స్థితిలో వానలో బ్రేకు వేస్తే బండి జారిపోతుంది.

రెండే కొనగలిగితే?

నాలుగూ ఒకేసారి కొనే డబ్బు అందరి దగ్గరా ఉండదు. రెండు కొనవచ్చు. ఆ రెండూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. వాటిని వెనక చక్రాలకు వేయించాలి. ముందు ఉన్న మంచి పాత టైర్లు ముందే ఉంచాలి. చాలామంది కొత్తవి ముందు వేయిస్తారు. కాని వానలో వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. డ్రైవరు ఆపలేడు.

కుడివైపు ఒక సైజు, ఎడమవైపు ఒక సైజు ఎప్పుడూ వేయకూడదు. కుడి ఎద్దు ఒక నడక, ఎడమ ఎద్దు ఒక నడక నడిస్తే బండి దారిలో పోతుందా?

గుర్తుంచుకోండి

1. తలుపు దగ్గరి పట్టీ చూసి సైజు రాసుకోండి.
2. రిమ్ము అంకె తప్పకుండా కలవాలి.
3. వెడల్పు మారిస్తే ఎత్తు మారుతుంది. లెక్క చూడకుండా ఒప్పుకోవద్దు.
4. బరువు అంకె తగ్గకూడదు.
5. తయారైన వారం, సంవత్సరం చదవండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడండి.
6. బిల్లు తీసుకోండి. బిల్లు మీద సైజు రాయించుకోండి.
7. పట్టీలో ఉన్నంత గాలే కొట్టించండి.

చేసి చూడండి

మీ వీధిలో ఆగి ఉన్న కారు టైరు మీది అంకెలు చదవండి. పలక మీద రాసుకోండి. వెడల్పు ఏది? రిమ్ము ఏది? తలుపు దగ్గరి పట్టీతో కలుస్తున్నాయా?

155/80 ఆర్13 టైరు మొత్తం ఎత్తు ఎంత? లెక్క కట్టండి. 578.2 మిల్లీమీటర్లు వస్తే మీ లెక్క సరైనదే.