విద్యకు వంతెన

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెన్నెసీ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము నాష్‌విల్. ఆ నగరమున ఫిస్క్ అనియు, వాండర్‌బిల్ట్ అనియు రెండు విశ్వవిద్యాలయములు కలవు. వాని నడుమ దూరము సుమారు మూడు కిలోమీటర్లు. కాని ఒకదానినుండి మరియొకదానికి నడచి పోవుటకు విద్యార్థులకు బహుకాలము పట్టినది. ఆ కథ తెలిసికొనదగినది.

ఫిస్క్ విద్యాలయము 1866లో, దాస్యమునుండి విముక్తులైన నల్లజాతివారి చదువుకై వెలసినది. వాండర్‌బిల్ట్ 1873లో స్థాపింపబడినది. అది ధనసంపదయు ప్రయోగశాలలును గలది. అయినను 1953 వరకు, అనగా ఎనుబది సంవత్సరములు, అది ఒక్క నల్లజాతి విద్యార్థినైనను చేర్చుకొనలేదు.

విద్యార్థులారా! భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందుట సామాన్యమైన పని కాదు. తక్కిన పరీక్షలలో ఇతరులు కనుగొన్న విషయములను మనము నేర్చి అప్పగింతుము. ఈ పట్టమునకో, అంతవరకు ఎవరికిని తెలియని విషయమును స్వయముగా కనుగొని, పండితుల యెదుట నిరూపింపవలెను. అందుకు ఏండ్ల తరబడి శ్రమ కావలెను. శ్రమతోపాటు మంచి గురువు, ప్రయోగశాల, భుక్తికి లోటులేని ఏర్పాటు కావలెను. బుద్ధి యెంతయున్నను ఇవి లేనివాడు ఏటి గట్టున నిలిచిన బాటసారి వంటివాడు.

ఎడ్వర్డ్ బూషే జీవితము ఇందుకు నిదర్శనము. ఆయన 1852లో జన్మించెను. తండ్రి యేల్ విశ్వవిద్యాలయమున నౌకరు. తల్లి అచ్చటి విద్యార్థుల బట్టలు ఉదికెడిది. అదే యేల్‌లో బూషే చదివి, కాంతి వక్రీభవనమును గూర్చి పరిశోధించి, 1876లో భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. ఆ దేశమున డాక్టరు పట్టము పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనయే. కాని ఏ పెద్ద విశ్వవిద్యాలయమును ఆయనకు ఆచార్య పదవి నీయలేదు. ఫిలడెల్ఫియాలోని ఒక నల్లజాతి పాఠశాలలో 26 సంవత్సరములు పాఠములు చెప్పెను. పరిశోధనకు ఆయనకు తావు దొరకలేదు. పరిశోధకులను తయారుచేయుటకును దొరకలేదు. ఒక దీపము వెలిగినది గాని, దానినుండి రెండవ దీపము వెలిగించుకొను వీలు లేకపోయెను.

ఆ రెండవ దీపము వెలుగుటకు 42 సంవత్సరములు పట్టినది. 1918లో ఎల్మర్ ఐమ్స్ అనునాతడు మిషిగన్ విశ్వవిద్యాలయమున ఈ పట్టము పొందెను. ఆయన ఫిస్క్‌లో చదివినవాడు. అణువులు పరారుణ కిరణములను గ్రహించు తీరును ఆయన అతిసూక్ష్మముగా కొలిచెను. ఆ కొలతలు అప్పటికి క్రొత్తదైన క్వాంటం సిద్ధాంతమునకు బలము చేకూర్చినవి. కొంతకాలము ఇతర ఉద్యోగములు చేసి, 1930లో ఆయన ఫిస్క్‌కు తిరిగివచ్చి, భౌతికశాస్త్ర శాఖకు అధిపతియై 1941లో మరణించువరకు దానిని పెంపొందించెను. ఏరు దాటి తెప్ప తగలవేయువారిని లోకమున చూచుచుందుము. ఐమ్స్ తెప్పను వెనుకకు తెచ్చి గట్టున కట్టిన మహనీయుడు.

తరువాత చట్టములు మారెను, తలుపులు తెరువబడెను. అయినను ఆ తలుపులు దాటి పోగలిగినవారు కొలదిమందియే. దీనికి కారణమేమి? చిన్న కళాశాలలలో కొన్ని ఉన్నత పాఠములు చెప్పువారే ఉండరు. ఇంటిలో పరిశోధన మాట ఎరిగినవారు లేరు. ఎవరిని అడుగవలెనో తెలియదు. ఒక్కనాటి ప్రవేశపరీక్షలో వచ్చిన మార్కులనుబట్టియే అర్హతను నిర్ణయించుట మరియొక అడ్డంకి.

ఈ స్థితిని గమనించి ఫిస్క్, వాండర్‌బిల్ట్ ఆచార్యులు 2004లో ఒక ఏర్పాటు చేసిరి. దానికి వంతెన అని పేరిడిరి. విద్యార్థి మొదట రెండేండ్లు ఫిస్క్‌లో ఎం.ఏ. పట్టమునకు చదువును. అతని ఖర్చులకు భృతి లభించును. తనకు లోపముగానున్న పాఠములను ఆ కాలమున పూరించుకొనును. వాండర్‌బిల్ట్‌కు పోయి కొన్ని తరగతులలో కూర్చుండును. అచ్చటి ప్రయోగశాలలో పనిచేయును. రెండు చోట్లను అతనికి మార్గదర్శకులుందురు. వారు తరచుగా కలిసికొని, చిక్కు చిన్నదిగా నున్నప్పుడే సరిచేయుదురు. ఇట్లు అతని పనిని కన్నులార చూచిన ఆచార్యులే పిదప డాక్టరు పట్టపు చదువునకు అతనిని చేర్చుకొందురు. విద్యార్థులను ఎన్నుకొనునపుడు మార్కులనే కాక, ఆటంకములు వచ్చినప్పుడు ఎట్లు నిలదొక్కుకొనిరో సంభాషణలో అడిగి తెలిసికొనిరి.

ఇది యోగ్యతను తగ్గించుట కాదా యని కొందరు శంకింతురు. కాదు. తుదకు వ్రాయవలసిన సిద్ధాంతగ్రంథము ఒకటే. పరీక్షించు పండితులు ఒక్కరే. వంతెన ఏటి వెడల్పును తగ్గింపదు. దాటుటకు దారి నిచ్చును. దాటవలసిన అడుగులు విద్యార్థివే. 2014 నాటికి ఇందు చేరిన 67 మందిలో నూటికి ఎనుబది మందికి పైగా డాక్టరు పట్టము పొందిరి, లేదా దానివైపు చక్కగా సాగుచుండిరి. ఇట్టి వంతెనలనే ఇతర విశ్వవిద్యాలయములలో నెలకొల్పుటకు 2012లో అమెరికా భౌతికశాస్త్ర సంఘము పూనుకొనెను.

బూషే కాలమునను నేడును మేధకు కొరత లేదు. కొరత దారికే. ఒక బాలుడు గాని బాలిక గాని గట్టుననే నిలిచిపోయినయెడల నష్టము వారికి మాత్రమే కాదు. వారు కనుగొనగల సత్యము లోకమునకే దక్కకుండ పోవును. మీలో ఎవరు ముందుగా ఆవలి గట్టు చేరినను, ఒక్కమారు వెనుదిరిగి చూడుడు. అచ్చట మరియొకరు నిలిచియుందురు.