గ్రహణదర్శనం - నేత్రరక్షణ

గ్రహణమనగానే మన ఊళ్ళలో రెండు తెగల మనుష్యులు కనిపింతురు. తలుపులు బిగించుకొని, విడుపుస్నానం వరకు గడప దాటనివారు ఒకరు. గాజుపెంకునకు మసి పట్టించి సూర్యునివైపు గురిపెట్టువారు వేరొకరు. మొదటివారు ఒక మహాదృశ్యాన్ని పోగొట్టుకొందురు. రెండవవారు చూపునే పోగొట్టుకొనవచ్చును. ఈ రెండు నష్టాలూ లేని మూడవ మార్గం కలదు. అది సూర్యునికి వీపు త్రిప్పి గ్రహణాన్ని చూచుట.

చంద్రుడు సూర్యుని కప్పుటయే సూర్యగ్రహణమని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమే చెప్పుచున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, గ్రహణం లేనపుడు కూడ సూర్యజ్వాలలను చూచు ఉపాయాన్ని మరునాడే అక్కడ ఆచరించి చూపినాడు. అయినను 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు చేరువనున్న జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు అట్టి గ్రహణాన్నే ఉత్సాహంతో పరిశీలించుచుండగా, దేశంలో పలు పట్టణాల వీథులు పట్టపగలు నిర్మానుష్యములైనవి.

గ్రహణవేళ సూర్యుని నుండి క్రొత్త విషకిరణమేదియు వెలువడదు. అపాయం నిత్యసూర్యునిదే. మామూలు దినాన మిరుమిట్లకు కన్ను తనంతట మూసుకొనును. గ్రహణవేళ వెలుతురు తగ్గుటచేత, కుతూహలం పెరుగుటచేత, రెప్ప వాల్పక చూతుము. మిగిలిన సన్నని సూర్యరేఖ కూడ నేత్రపటలాన్ని గాయపరచగలదు. ఆ పటలానికి నొప్పి తెలియదు. కనుక గాయం వెంటనే తెలియదు. కొన్ని గంటల తరువాత పుస్తకం తెరచినపుడు, చదువబోయిన అక్షరమే మరుగై, ప్రక్క అక్షరాలు మాత్రం కనిపించును. విద్యార్థికి ఇంతకు మించిన శిక్ష ఏమున్నది?

మసిగాజు, ఎక్స్‌రే ఫిల్ము, చలువకళ్ళద్దాలు, వీనిలో నమ్మదగినది ఒక్కటియు లేదు. పళ్ళెంలో పసుపునీళ్ళో పేడనీళ్ళో పోసి ప్రతిబింబం చూచుట మన పెద్దల అలవాటు. కాని సూర్యుడు నడినెత్తిన ఉన్నపుడు నీటి ఉపరితలం కాంతిలో సుమారు 50వ వంతును తిరిగి పంపును. వాలినపుడు ఇంకను ఎక్కువ. కంటికి క్షేమం కావలెనన్న అది సుమారు లక్షవ వంతుకు తగ్గవలెను. పసుపు కలిపినందున నీటిపై మెరుపు తగ్గదు.

క్షేమమైన పద్ధతికి కావలసినది ఒక అట్టముక్క, ఒక గుండుసూది. అట్టకు సన్నని రంధ్రం చేసి ఎండకు ఎదురుగా పట్టి, దాని నీడలో తెల్లకాగితం ఉంచవలెను. కాగితంపై పడు చిన్న వెలుగుచుక్కయే సూర్యబింబం. కాగితం 1 మీటరు దూరాన ఉన్న బింబం సుమారు 9 మిల్లీమీటర్లుండును. చంద్రుడు క్రమ్ముకొనుచున్నకొలది అది కొరికిన అప్పచ్చివలె తరుగును. రంధ్రంలోనుండి సూర్యుని మాత్రం చూడరాదు.

తరగతి అంతటికి ఒక్కసారి చూపదలచిన ఉపాధ్యాయుడు చిన్న అద్దానికి కాగితం అంటించి, కందిగింజంత రంధ్రం విడిచి, ఎండలో నిలిపి, కాంతిని చీకటిగదిలోని గోడకు మళ్ళింపవచ్చును. 10 మీటర్ల దూరాన బింబం సుమారు 9 సెంటీమీటర్లుండును. పిల్లలు గోడనే చూడవలెను గాని అద్దాన్ని కాదు. ఇదియు లేనిచో వంటింటి జల్లెడ చాలును. అదియు లేనిచో బడి ముంగిటి వేపచెట్టు నీడను చూడుడు. ఆకుల సందులలో జారిన ప్రతి వెలుగుచుక్కయు నెలవంకయై నేలపై వందల సూర్యులు పరచుకొందురు.

2031 మే 21న కేరళ, తమిళనాడులలో కంకణగ్రహణం కనిపించును. తెలుగునాట అది పాక్షికం. ఆనాడు పిల్లలను గదులలో బంధింపక, ఎండలో విచ్చలవిడిగా విడువక, అట్టముక్కతో చెట్టునీడకు తీసికొనిపోవు ఉపాధ్యాయుడు ఒక్క గంటలో రెండు పాఠములు నేర్పినవాడగును: వెలుగు ఋజుమార్గాన పయనించును, భయానికి మందు తెగువ కాదు, తెలివి.