వీధికుక్కకు సోకే వింత కేన్సర్

బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన దారి బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణంగా మార్చింది. 2003 నుంచి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. క్వార్టర్ల ముందు పెట్టే అన్నం మెతుకులకు అలవాటుపడిన వీధికుక్కలు, దేశంలోని ఏ రైల్వే కాలనీలోనైనా ఉన్నట్లే, అక్కడా ఉన్నాయి. అలాంటి మగకుక్క మర్మాంగం నుంచి బొట్లు బొట్లుగా నెత్తురు కారుతూంటే, ఎవరో కొట్టారని కొందరు జాలిపడతారు. అసహ్యించుకొని మరికొందరు రాయి విసురుతారు.

అది దెబ్బ కాకపోవచ్చు. జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి మరొక కుక్కకు సోకే కేన్సర్ కావచ్చు.

కేన్సర్ అంటువ్యాధి కాదన్న సూత్రానికి ప్రకృతిలో ఉన్న బహు కొద్ది మినహాయింపులలో ఇదొకటి. ఇక్కడ వ్యాపించేది సూక్ష్మక్రిమి కాదు, సాక్షాత్తూ కేన్సర్ కణమే. 1876లో రష్యన్ పశువైద్యుడు నొవిన్‌స్కీ ఒక కుక్క కంతి ముక్కను మరొక కుక్కకు అంటుకట్టి ఈ సంగతి చూపాడు. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో 546 కంతుల జన్యువులను పరిశీలించారు. అవన్నీ 4,000 నుంచి 8,500 సంవత్సరాల క్రితం ఆసియాలో బ్రతికిన ఒకే ఒక కుక్కలో పుట్టిన కణాల సంతతి అని తేలింది. ఆ కుక్క ఏనాడో పోయింది. దాని కణాలు మాత్రం నేటికీ చావలేదు.

మగకుక్కలో కంతి తరచు చర్మపు ముసుగు లోపల దాగి, కాలిఫ్లవర్ పువ్వులా పెరుగుతుంది. నెత్తురు కారడం, కుక్క ఆ భాగాన్ని అదే పనిగా నాకడం తొలి గుర్తులు. మనుషులకిది సోకదు. చికిత్స ఉంది: విన్‌క్రిస్టిన్. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచే ఈ మందు లభించింది. వారానికొక ఇంజక్షన్ చొప్పున కొన్ని వారాలు పశువైద్యుడు ఇస్తే ఎక్కువ కుక్కలకు పూర్తిగా నయమవుతుంది.

నెత్తురు కారడానికి వేరే కారణం కూడా ఉండవచ్చు. వయసు మీరిన మగకుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బుతుంది, మలవిసర్జనకు ముక్కుతాయి. వృషణాలు తొలగిస్తే గ్రంథి కుంచించుకుపోతుంది. ఆరు నెలలు నిండినా వృషణం కిందికి దిగని కుక్కపిల్లకు శస్త్రచికిత్స మరింత అవసరం. లోపల మిగిలిన వృషణం కేన్సర్‌గా మారే ప్రమాదం హెచ్చు. ఈ లోపం వంశపారంపర్యం కనుక అటువంటి కుక్కను సంతానానికి వాడరాదు.

వీధికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్సను, రేబీస్ టీకాను 2023 నాటి కేంద్ర నియమాలు స్థానిక సంస్థల బాధ్యత చేశాయి. దానివల్ల పిల్లల సంఖ్యే కాదు, జతకట్టడంతో వచ్చే ఈ వ్యాధి కూడా తగ్గుతుంది. నెత్తురు కారే కుక్కపై రాయి విసిరే బదులు పశువైద్యశాలకు కబురు చేస్తే, వేల ఏళ్లుగా సాగుతున్న ఆ కణాల ప్రయాణం కనీసం ఆ వీధిలోనైనా ఆగుతుంది.