మేడెక్కే బొమ్మ రైలు

నమూనా రైలు మార్గాలు కట్టేవాళ్లకు ఎప్పుడూ చోటే కరువు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న గదిలో గోడల వెంట ఒక చుట్టు పట్టాలు పరిచేసరికి గది అయిపోతుంది. ఇక ఖాళీ ఉన్నది పైనే. అందుకని కింది బల్లకు 40 సెంటీమీటర్ల ఎత్తున రెండో బల్ల బిగిస్తారు. ఆ బిగింపు వడ్రంగం తెలిసినవాళ్లకు లెక్కలోది కాదు. కింది రైలును పైకి చేర్చడంలోనే ఉంది అసలు తంటా.

ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలతనే తీసుకుందాం. ఇందులో అన్నీ అసలు రైలులో 87వ వంతు. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చిత్రమేమిటంటే బండి ఎంత చిన్నదైనా వాలుకు ఆ కుదింపు వర్తించదు. పట్టాల పక్కన చేతులు చాచిన పొట్టి స్తంభాల మీద 100, 200 అని అంకెలు కనిపిస్తుంటాయి కదా, 100 అంటే వంద మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు మారుతుందని. 37కి 1 ఎక్కుడులో బండి తన బరువులో 37వ వంతును పైకి ఈడ్చుకోవాలి. ఆ బండి వేల టన్నులదైనా, అరచేతిలో పట్టేదైనా నిష్పత్తి ఒకటే. అరకు వెళ్లే ఘాట్‌లో ఎక్కుడు సుమారు 60కి 1. కర్జత్, లోనావాలాల మధ్య భోర్ ఘాట్‌లో 37కి 1. అక్కడ బండి వెనక తోయడానికి వేరే ఇంజన్లు తగిలిస్తారు.

మన గదిలో ఎక్కాల్సిన ఎత్తు 40 సెంటీమీటర్లు. గోడల చుట్టూ ఒక చుట్టు 14 మీటర్లు. మొత్తం గదిని ఎక్కుడుకే ధారపోస్తే 35కి 1 వస్తుంది. అప్పుడిక స్టేషను కట్టడానికి చదునైన చోటే మిగలదు. అందుకే ఒక మూలన హెలిక్స్ కడతారు, అంటే ఒకదానిపై ఒకటిగా గుండ్రంగా పైకి పోయే పట్టాల చుట్లు. వ్యాసార్ధం 60 సెంటీమీటర్లయితే ఒక చుట్టు 377 సెంటీమీటర్లు. చుట్టుకూ చుట్టుకూ మధ్య బండి దూరడానికి 7.5 సెంటీమీటర్లు కావాలి. పట్టాల మందం, వాటి కింది ప్లైవుడ్ కలిపితే 10 అవుతుంది. నాలుగు చుట్లు, 15 మీటర్ల పట్టాలు. ఎక్కుడు 38కి 1, ఇంచుమించు భోర్ ఘాట్ అంత!

లెక్క ఇక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఈ 15 మీటర్లూ వంపే. వంపులో చక్రాల అంచు పట్టాను ఒరుసుకుంటుంది. ఒకే ఇరుసుకు బిగిసిన రెండు చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి గనక ఒకటి జారుతుంది. ఔత్సాహికుల్లో ఒక మోటు లెక్క ఉంది: 80ని వ్యాసార్ధపు సెంటీమీటర్లతో భాగిస్తే ఎన్ని వస్తే అంత శాతం ఎక్కుడు అదనమనుకోమని. మనకు అది 1.3 శాతం. ఉన్న 38కి 1 ఎక్కుడు శాతంలో 2.65. దానికి ఇది కలిపితే దాదాపు 4 శాతం, అంటే 25కి 1. 400 గ్రాముల ఇంజను తన బరువులో నాలుగో వంతు, 100 గ్రాముల బలంతో లాగగలదనుకుంటే, చదునులో 40 వ్యాగన్లను సునాయాసంగా ఈడ్చేది ఇక్కడ 12 దగ్గర చతికిలపడుతుంది. నన్నడిగితే హెలిక్స్ కట్టేవాళ్లు వాలును చూసి భయపడి వంపును చులకన చేస్తారు. ఇంకో 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఇస్తే వాలూ తగ్గుతుంది, వంపూ తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లోని బ్రూసియోలో 1908లో కట్టిన గుండ్రటి రాతి వంతెన చాలా ఇరుకైనదిగా పేరుపడింది. దాని 70 మీటర్ల వ్యాసార్ధాన్ని 87తో భాగిస్తే 80 సెంటీమీటర్లు. మన 60 దానికంటే ఇరుకు.

ఇంకో ప్రమాదం ఉంది. రైలాటలో చొక్కాలు పట్టుకుని పరిగెత్తే పిల్లలు మలుపు తిరిగితే మధ్యవాళ్లు లోపలికి లాక్కుపోయినట్టే, వ్యాగన్లూ వంపు లోపలికి ఒరుగుతాయి. ఇంజను వెనకే ఉన్న మొదటి వ్యాగన్ మీద మొత్తం బండి లాగుడు పడుతుంది. లాగుడు 80 గ్రాములు, వ్యాగన్ పొడవు 15 సెంటీమీటర్లు అయితే, 60 సెంటీమీటర్ల వంపులో అందులో నాలుగో వంతు, అంటే 20 గ్రాములు, పక్కకు పనిచేస్తుంది. 110 గ్రాముల వ్యాగన్ తట్టుకుంటుంది. అదే చోట 40 గ్రాముల పొడవాటి ఖాళీ వ్యాగన్ పెట్టి ఒక్క కుదుపు ఇస్తే పడిపోతుంది. బరువైనవి ముందు, తేలికవి వెనక ఉంచడం దీనికి సులువైన మందు. భోర్ ఘాట్‌లోలా వెనక ఇంకో ఇంజను పెట్టి తోయిస్తే ముందున్న లాగుడు సగానికి తగ్గుతుంది, కాకపోతే రెండూ ఒకే వేగంతో నడవాలి.

చదును నుంచి ఎక్కుడు మొదలయ్యే చోట కూడా జాగ్రత్త కావాలి. ఒక్కసారిగా విరుపు వస్తే పెట్టెల కొక్కేలు ఒకటి పైకీ ఒకటి కిందికీ జరిగి ఊడిపోతాయి. ప్లైవుడ్‌ను బల్ల నుంచి పూర్తిగా విడదీయకుండా పట్టీలా కోసి ఒక చివర ఎత్తితే, చెక్క దానంతటదే నెమ్మదిగా వంగుతుంది. కొలిచి కోసినా అంత బాగా రాదు. కరెంటు సంగతి కూడా చూడాలి. నికెల్ సిల్వర్ పట్టాలకు రాగి కంటే నిరోధం ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి రెండు మీటర్లకో చోట లావు రాగి తీగ నుంచి కరెంటు అందించాలి. లేకపోతే పై చుట్టుకు చేరేసరికి ఇంజను నీరసిస్తుంది.

హెలిక్స్‌లో దూరిన రైలు గంటకు 50 కిలోమీటర్ల నమూనా వేగంతో వెళ్తే మళ్లీ కనిపించడానికి నిమిషంన్నర పడుతుంది. చూసేవాళ్లకు అది చాలాసేపు. ఆ లోపల పట్టాలు తప్పితే చెయ్యి దూరాలి కాబట్టి పక్కలు మూసేయకూడదు, మధ్యలో మనిషి నిలబడే చోటూ ఉండాలి. నాలుగు చుట్లకూ ప్లైవుడ్ కోసే ముందు ఒక్క చుట్టే కట్టి, మీ దగ్గరున్న అతి పొడవైన బండికి అతి తేలికైన వ్యాగన్‌ను ఇంజను వెనకే తగిలించి ఎక్కించండి. మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. అక్కడ నిలదొక్కుకోకపోతే మిగతా మూడు చుట్లలోనూ నిలవదు.