ఏడు వాల్వుల పెట్టె

ఆంప్లిఫయరును అంగడిలో కొనడం వేరు. విడిభాగాలు తెచ్చి ఇంట్లో బల్లమీద టంకం పెట్టి బిగించుకోవడం వేరు. ఈ రెండో సరదాను అమెరికాలో ఎందరికో అంటించినవాడు డేవిడ్ హాఫ్లర్. 1959లో ఫిలడెల్ఫియాలోని ఆయన డైనాకో కంపెనీ ‘స్టీరియో 70’ అనే కిట్టును 99.95 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. సున్నితమైన భాగాలున్న పలకను కంపెనీవారే అమర్చి పంపేవారు. మిగతా తీగెలు కలుపుకోవడం కొన్నవాడి వంతు. రెండు పక్కలా 35 వాట్ల చొప్పున పలుకుతుంది.

ఆ పెట్టెలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. కొన్నవాడు మొట్టమొదట కొత్త వాల్వులకోసం పరుగెత్తుతాడు. వెలిగేవి అవే కదా! నన్నడిగితే వాటిని చిట్టచివరికి ఉంచమంటాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వోల్టుల గొడవేమిటంటారా? గణం తప్పితే పద్యమే చెడుతుంది. ఇక్కడ లెక్క తప్పితే ప్రాణానికే వస్తుంది.

ఏడు వాల్వుల్లో స్పీకర్లను నడిపేవి నాలుగు ఇ.ఎల్. 34లు. వీటి గ్రిడ్డుకు ఎప్పుడూ ఋణ వోల్టేజి అందుతుండాలి. గుర్రానికి కళ్లెంలాంటిదది. ఆ కళ్లెం పట్టుకునేది ఒక చిన్న సెలీనియం రెక్టిఫయరు. వయసు మీరి అది నీరసిస్తే కరెంటు అదుపు తప్పుతుంది, వాల్వుల లోపలి పళ్లేలు ఎర్రగా కాగుతాయి, ట్రాన్స్ఫార్మరూ మాడవచ్చు. ముందున్న 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్లు లీకైనా ఇదే తంతు. అందుకని మొదట మార్చవలసినవి ఇవి. సెలీనియం స్థానంలో పెట్టే సిలికాన్ డయోడు ఖరీదు కాఫీ డబ్బులు కూడా కాదు.

చిన్నవి రెండు 7199లు. అవి అరుదైపోవడంతో చాలామంది దొరికే వాల్వులకు తగినట్టు పలకనే మార్చేస్తున్నారు. తప్పులేదు. ఔట్‌పుట్ ట్రాన్స్ఫార్మర్ల జోలికి మాత్రం పోవద్దు. 1951లో హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ ప్రచారంలోకి తెచ్చిన ‘అల్ట్రాలీనియర్’ పద్ధతికి తగ్గట్టు చుట్టినవవి. పెట్టె విలువంతా వాటిలోనే ఉంది. ఇ.ఎల్. 34లు నేటికీ రష్యా, స్లొవేకియా, చైనాల్లో తయారవుతున్నాయి. స్పీకరు తగిలించకుండా పాట పెట్టి ఆ ట్రాన్స్ఫార్మరును పాడుచేసుకుంటే, అసలు దానికి సాటివచ్చేది వెతుక్కోవలసిందే.

లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో విద్యుత్తు మిగిలే ఉంటుంది. దాన్ని తగిన రెసిస్టరు గుండా ఖాళీచేసి, మీటరుతో చూసుకున్నాకే వేలు పెట్టాలి. పెట్టె నడుస్తుండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి. జేబు లేని లాల్చీవారు వీపు వెనక పెట్టుకోండి.

డయోడు మార్చాక కళ్లెం మళ్లీ బిగించుకోవాలి. జంట వాల్వుల కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు 15.6 ఓముల రెసిస్టరు గుండా పోతే మీటరు 1.56 వోల్టులు చూపుతుంది. కొత్త టార్చి సెల్లు కూడా దాదాపు అంతే చూపుతుంది గనుక, మీటరు నిజం చెబుతున్నదో లేదో ముందు సెల్లు మీద తేల్చుకోవచ్చు. ఇంతా అయ్యాక కూడా చేతులు ఊరుకోకపోతే, అప్పుడు కొనుక్కోండి కొత్త వాల్వులు.