వార్తల్లో పదం: ఆక్సిజన్ ఎన్‌రిచ్‌మెంట్

డీజిల్ ఇంజిన్ పీల్చే గాలిలో ఆక్సిజన్ పాళ్లు పెంచడమే ఆక్సిజన్ ఎన్‌రిచ్‌మెంట్. మామూలు గాలిలో అది దాదాపు 21 శాతం. ప్రయోగాల్లో 23, 25 శాతం దాకా, ఒక్కోసారి ఇంకా పైకి తీసుకెళ్తారు.

ఖమ్మం జిల్లా వేంసూరు వైపు పామాయిల్ గెలల లోడుతో ట్రాక్టర్ ఎత్తు ఎక్కుతుంటే సైలెన్సర్ నల్లగా పొగ కక్కుతుంది. డీజిల్ ఎక్కువ పడి, దానికి సరిపడా ఆక్సిజన్ అందక మిగిలిన మసి అది. ఆక్సిజన్ పెరిగితే ఇంధనం త్వరగా అంటుకుని, ఇంకాస్త పూర్తిగా మండుతుంది. మసి, కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతాయి. అదే ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టే వీలూ ఉంటుంది.

చిక్కంతా నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గరే. మంట వేడెక్కేకొద్దీ అవి పెరుగుతాయి. వాటిని అణచడానికే చాలా బీఎస్-6 డీజిల్ బండ్లలో కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపి ఆక్సిజన్ పాళ్లు తగ్గిస్తారు. అంటే సరిగ్గా ఎదురు దారి! అందుకే పరిశోధకులు ఇంజెక్షన్ ఆలస్యం చేయడం, నీళ్లు కలిపిన డీజిల్ వాడటం వంటివి ఆక్సిజన్ ఎన్‌రిచ్‌మెంట్‌కు జోడించి చూశారు.

ఇంతకీ ఆక్సిజన్ ఎక్కడిది? ఆక్సిజన్‌ను త్వరగా పోనిచ్చే పాలిమర్ పొరల గుండా గాలిని పంపాలి. లేదా కొవిడ్ నాటి కాన్సన్‌ట్రేటర్లలోలా జియోలైట్‌తో నైట్రోజన్‌ను పట్టేయాలి. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీ 1990ల్లో రైలింజిన్లకు పొరల పద్ధతిని పరిశీలించింది. ఏ పద్ధతైనా గాలిని నెట్టే పంపులను నడిపే శక్తీ ఇంజినే ఇవ్వాలి. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపరైనా, పొలంలో ట్రాక్టరైనా లెక్క తేలేది అక్కడే.